చివరి కాగితం లేని నవల

మిస్టరీ, క్రైమ్ కథల మీద పాఠకుల ప్రశ్నలకు ప్రతినెలా జవాబులు ఇచ్చేవారు తెనాలిలో వాళ్ల నాన్నగారి అద్దె పుస్తకాల షాపులో పెరిగారు. సెషన్స్ కోర్టులో 31 ఏళ్లు స్టెనోగా పనిచేసి రిటైరయ్యారు.

ప్రశ్న: అగాథా క్రిస్టీ నవల ఒకటి సగం దాకా చదివాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "చంపింది ఫలానా వాళ్లే కదా" అని చెప్పేశారు. అప్పటినుంచి ఆ పుస్తకం ముట్టుకోబుద్ధి కావడం లేదు. పూర్తి చేయమంటారా? — గృహిణి, ఒంగోలు

పూర్తి చేయండమ్మా. మీ వారు చేసింది మాత్రం తప్పే. లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' చివర, హంతకుడెవరో బయట ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకులను వేదిక మీది నుంచే అడుగుతారు. అంతమంది అపరిచితులు పాటించే మర్యాద, ఒక కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని తినే మనిషి పాటించకపోతే కోపం వస్తుంది. ఆ కోపం ఆయన మీద చూపించండి, పుస్తకం మీద వద్దు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే మా నాన్న షాపు దగ్గరికి వెళ్లాలి. నాకు పన్నెండేళ్లప్పుడు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవల ఒకటి అద్దెకు వెళ్లి, చివరి కాగితం లేకుండా తిరిగొచ్చింది. ఎవరు చింపారో తెలియలేదు. నాన్న దాన్ని పక్కన పడేయలేదు. అట్ట మీద ఎర్ర సిరాతో "చివరి కాగితం లేదు" అని రాసి, సగం అద్దెకు ఇచ్చారు. షాపు మూశాక ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకుని చదివాను. డిటెక్టివ్ యుగంధర్ అందరినీ గదిలో కూర్చోబెట్టి "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నంతవరకే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఈసారి కథ కోసం కాదు, ఎవరు ఎక్కడ ఏమన్నారో చూడటానికి. మూడోసారి చదువుతున్నప్పుడు ఒక పనివాడు అన్న మాట దగ్గర ఆగిపోయాను. మొదటి రెండుసార్లూ నా కళ్లు దాని మీదుగానే వెళ్లాయి. అది తెలియగానే మిగతావన్నీ ఒక్కొక్కటే దానికి అతుక్కున్నాయి. ఒంట్లోకి కరెంటు వచ్చినట్టయింది. నెలన్నర తర్వాత నాన్న విజయవాడలో ఎవరి దగ్గరో అదే నవల సంపాదించి, లేని పేజీలు సొంత దస్తూరితో రాసి, ఖాకీ కవరులో పెట్టి, వెనక అట్టకు మైదా జిగురుతో అతికించారు. నేను అనుకున్నదే నిజమైంది. ఆ కవరు విప్పకుండానే పుస్తకం తిరిగిచ్చి, బెంచీ మీద కూర్చుని "చెప్పకండి, నేను చెప్తాను" అంటూ నాన్నతో వాదించిన పాఠకులు కూడా ఉన్నారు. రైస్ మిల్లు గుమాస్తా ఒకాయన మూడు రోజులు వరుసగా వచ్చారు.

మీకు ఇప్పుడు దొరికింది అదే అవకాశం, తిరగేసి. మీకు చివరి కాగితం ముందే చేతికొచ్చింది. ఇక మిగతా పుస్తకంలో క్రిస్టీ ఆ మనిషిని మీ ముందు ఎన్నిసార్లు నిలబెట్టి, ఎన్ని పద్ధతుల్లో మీ చూపు పక్కకు తిప్పిందో చూడండి. 1926లో ఆమె 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' వచ్చినప్పుడు కొందరు పాఠకులు, విమర్శకులు ఇది మోసం అన్నారు. దాన్ని రెండోసారి చదివినవాళ్లు ఆ మాట అనలేరు. ఒక్క వాక్యంలోనూ అబద్ధం లేదు. ఏమి చెప్పాలో చెప్పి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది, అంతే. నాకు పుస్తకాల బీరువాలో చోటు తక్కువ. రెండోసారి చదవాలనిపించని మిస్టరీని దాచుకోను.

ప్రశ్న: మా తాతయ్య ఎప్పుడూ యుగంధర్, షాడో అంటుంటారు. వాళ్లెవరు? నేను ఇప్పటిదాకా వెబ్ సిరీస్‌లే చూశాను. చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి? — ఇంటర్ విద్యార్థి, నంద్యాల

బాబూ, తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకుని అడుగు, నాకంటే బాగా చెబుతారు. యుగంధర్ కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్, అతని అసిస్టెంట్ రాజు. ఒకరు ఆలోచిస్తే ఒకరు పరుగెత్తుతారు. షాడో మధుబాబుగారి హీరో. ఆ కథల్లో హంతకుడెవరన్నది కాదు ముఖ్యం, షాడో ఆ గండం నుంచి ఎలా బయటపడతాడన్నది. గూఢచారి సాహసాలు అవి. రెండింటినీ ఒకే అరలో పెట్టొద్దని నాన్న చెప్పేవారు. "వీటికి బుర్ర కావాలి, వాటికి ఊపిరి కావాలి" అనేవారు. యుగంధర్‌తో మొదలుపెట్టు. భాష తేలిక, వాక్యాలు పొట్టివి, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది.

తర్వాత మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి 'చంటబ్బాయి' చదువు. 1986లో జంధ్యాలగారు చిరంజీవితో తీసిన సినిమాకు ఆ నవలే ఆధారం. డిటెక్టివ్ అంటే నల్లకోటు, పైపు అని మాత్రమే అనుకునేవాళ్లకు మన వీధిలో తిరిగే డిటెక్టివ్ ఎలా ఉంటాడో చూపించింది. ఆ తర్వాత శరదిందు బందోపాధ్యాయ్ బెంగాలీలో రాసిన బ్యోమకేశ్ బక్షి కథలు. అతనికి డిటెక్టివ్ అన్న మాట ఇష్టం ఉండదు, సత్యాన్వేషి అనిపించుకుంటాడు. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ సీరియల్ వచ్చినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు ఇరుగుపొరుగు పిల్లలంతా చేరేవాళ్లు. రజిత్ కపూర్ ధోవతి కట్టుకుని, మాట పెంచకుండా, ఎదుటివాణ్ణి అలా చూస్తూ ఉంటే గదంతా నిశ్శబ్దం. తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు. నువ్వు చూసే సిరీస్‌ల మధ్య దాని ఒక ఎపిసోడ్ చూసి నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ నాలుగు తగిలించగానే ముద్దాయి ఒప్పేసుకుంటాడు, కేసు అయిపోతుంది. మేం నెలల తరబడి చేసే పని ఎవరికీ కనపడదు. కోర్టులో ఇన్నేళ్లు కూర్చున్న మీకు ఇవి చూస్తే ఏమనిపిస్తుంది? — పోలీసు శాఖ ఉద్యోగి, హనుమకొండ

బాధనిపిస్తుంది. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. పాత ఎవిడెన్స్ యాక్టులో అది 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. అతను చెప్పినదాన్నిబట్టి కత్తి దొరికితే, ఆ కత్తి దొరకడానికి సంబంధించినంత మేరకే ఆ మాట లెక్కలోకి వస్తుంది. అంటే సినిమాలో చప్పట్లు కొట్టే సీనుకు కోర్టులో విలువ లేదు. నార్కో టెస్టు కూడా అంతే. మనిషి ఇష్టం లేకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే తీర్పు ఇచ్చింది.

కానీ ఇక్కడే రచయితలు ఒక గొప్ప కథను చేజార్చుకుంటున్నారని నా బెంగ. దెబ్బలతో వచ్చిన ఒప్పుకోలు పనికిరాదు కాబట్టే మీరు వస్తువు వెతకాలి. ఆ వస్తువును మధ్యవర్తుల, అంటే సాక్షుల, ఎదుట స్వాధీనం చేసుకోవాలి. సీలు వేయాలి, ల్యాబుకు పంపాలి, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా చూపించాలి. నేను టైపు చేసిన ఒక కేసులో రక్తపు చొక్కా ఎం.ఓ. 4, అంటే కోర్టు ముందు పెట్టిన వస్తువుల్లో నాలుగోది. అది స్టేషన్లో ఉందా, ల్యాబులో ఉందా అన్న మూడు రోజులకు రిజిస్టర్లో లెక్క లేదు. డిఫెన్స్ లాయరుగారు గొంతు పెంచకుండా ఆ మూడు రోజుల గురించే గంటన్నర అడిగారు. కోర్టు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏ సినిమా క్లైమాక్సులోనూ నాకంత టెన్షన్ రాలేదు. ఇంత ఉత్కంఠ ఒక రిజిస్టర్లో, ఒక తేదీలో ఉన్నప్పుడు లాకప్‌లో కొట్టే సీను ఎందుకు?

మీరు రిటైరయ్యాక రాయండి. నిజంగా అడుగుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఇద్దరం కలిసి షెర్లాక్ హోమ్స్ కథ 'ది స్పెకల్డ్ బ్యాండ్' చదివాం. "మన దేశం పాము నిజంగా అలా చేస్తుందా?" అని అడిగింది. నాకు తెలియలేదు. — సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్

ఆ కథ చదవనివాళ్లు దయచేసి ఈ జవాబు వదిలేసి కిందికి వెళ్లండి.

మీ అమ్మాయి సరైన చోట పట్టుకుంది. 1892లో అచ్చయిన ఈ కథ కానన్ డాయల్‌కే బాగా ఇష్టం. తన హోమ్స్ కథల్లో మంచివాటిని ఎంచినప్పుడు దీన్నే మొదట పెట్టారు. నాక్కూడా ఇష్టమే. కానీ కలకత్తాలో ప్రాక్టీసు చేసొచ్చిన డాక్టరు పాముకు గిన్నెలో పాలు పోసి పెంచడం, ఈల వేస్తే అది వెనక్కి రావడం, గంట తాడు పట్టుకుని దిగడం, కాటు వేసిన పది క్షణాల్లో మనిషి పోవడం, ఇవన్నీ మన ఊళ్లో పెద్దవాళ్ల ముందు చదివితే అక్కడే ఆపేస్తారు. పాము ఆహారం పాలు కాదు. మనం నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం గానీ అది మన భక్తి, దాని ఆకలి కాదు. పాముకు బయటికి చెవులుండవు. నేల అదురు ప్రధానంగా తెలుస్తుంది. గాలిలో వచ్చే శబ్దాలు కూడా కొంత పసిగడుతుందని ఈమధ్య ప్రయోగాల్లో తేలింది కానీ, ఈలకు పిలిస్తే వచ్చే పెంపుడు జంతువు కాదది. ఏ పాము కాటుకైనా మనిషి పది క్షణాల్లో పోడు. విషం ఎక్కడానికి కొంత సమయం పడుతుంది, అందుకే ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి ఉంటుంది.

ఇక్కడితో ఆపొద్దు. అమ్మాయికి ఈ మిగతాది కూడా చెప్పండి, తెలుగు పిల్ల కాబట్టి తప్పకుండా చెప్పండి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టరు మన విశాఖపట్నంలో ఉండి, కోరమండల్ తీరం పాములను సేకరించి, బొమ్మలతో సహా 1796లో పుస్తకం వేశాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో ఈరోజుకీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఊరివాళ్లు చెప్పిన తెలుగు పేర్లు ఆయన అలాగే రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీల పామును మనవాళ్లు బంగారు పాము అన్నారు. కట్లపాములన్నిటికీ కలిపి శాస్త్రజ్ఞులు వాడే 'బంగారస్' అన్న పేరు ఆ తెలుగు మాట నుంచే వచ్చింది. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, 1980ల చివర్లో, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం మన దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి తయారు చేసింది. అందుకు వాడిన డీఎన్ఏ ముక్కను ఏ జీవి నుంచి కనుక్కున్నారో తెలుసా? అదే పట్టీల పాము నుంచి. డాయల్ కథలో పాము హత్య చేసింది, మన దగ్గర మాత్రం ఇంకో పాము హంతకులను పట్టించే పరీక్షకు సాయపడింది. ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

పాముతో హత్య కథల్లోనే జరుగుతుందని అనుకోవద్దు, ఇది మీకు మాత్రమే, అమ్మాయికి కాదు. 2020లో కేరళ కొల్లం జిల్లాలో ఒక భర్త భార్యను నాగుపాముతో చంపాడు. అంతకు రెండు నెలల ముందు రక్తపింజరితో ప్రయత్నించాడు, ఆమె బతికింది. ఆ గాయం నుంచి కోలుకుంటూ పుట్టింట్లో పడుకున్న మనిషిని మళ్లీ కరిపించాడు. పోలీసులు బొమ్మ మీద పాముతో ప్రయోగం చేయించారు. తనంతట తాను కాటు వేసినప్పుడు కోరల గాట్ల మధ్య ఎడం ఎంత, తల పట్టుకుని కరిపిస్తే ఎంత అని కొలిపించారు. ఆమె ఒంటి మీది గాట్ల మధ్య ఎడం ఎక్కువగా ఉంది. 2021 అక్టోబరులో అతనికి రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఈల కాదు, పాలు కాదు, ఒక కొలత పట్టించింది. హోమ్స్ ఉంటే అతను కూడా స్కేలే తీసేవాడు.

ప్రశ్న: ఓటీటీలో వచ్చేవాటిలో హంతకుడెవరో మొదటి అరగంటలోనే చూపించేస్తున్నారు. ఇక మిస్టరీ ఏముంది? — బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

ఎవరు అన్నది పోయి ఎలా దొరుకుతాడు అన్నది వస్తుంది. కొత్తేమీ కాదు. 1912లోనే ఆస్టిన్ ఫ్రీమన్ ఇలా కథలు రాశాడు. అమెరికా టీవీలో నలిగిన కోటు వేసుకుని తిరిగే లెఫ్టినెంట్ కొలంబో కథలన్నీ ఇంచుమించు ఇలాంటివే. మన 'దృశ్యం' చూసినప్పుడు ఎవరు చేశారో మీకు తెలుసు కదా, కుర్చీలో వెనక్కి వాలి కూర్చోగలిగారా? హిచ్‌కాక్ చెప్పిన బాంబు సంగతి ఇదే. బల్ల కింద బాంబు ఉన్నట్టు మనకు తెలియకపోతే అది పేలినప్పుడు పదిహేను క్షణాల ఉలికిపాటు. ముందే తెలిస్తే, ఆ బల్ల దగ్గర ఇద్దరు క్రికెట్ గురించి మాట్లాడుకుంటున్నా మనకు పదిహేను నిమిషాలు ఊపిరాడదు. క్రికెట్ నేను పెట్టింది, మిగతాది ఆయనది.

ప్రశ్న: డిటెక్టివ్ కథ రాస్తున్నాను. క్లూ పెడితే పాఠకుడికి వెంటనే తెలిసిపోతోంది. దాచేస్తే చివర్లో మోసం చేశానంటున్నారు. ఎలా పెట్టాలి? — టీచరు, రాజమహేంద్రవరం

మీ స్నేహితులు మోసం అన్నారంటే శ్రద్ధగా చదివారన్నమాట, అదృష్టవంతులు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదరీ, తనూ డిటెక్టివ్ కథల రచయితే, పది నియమాలు రాశాడు. అందులో కొన్ని ఇప్పుడు పనికిరావు. ఒకటి మాత్రం నా గోడ మీద రాసుకోదగ్గది. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ అప్పుడే దొరకాలి. దాచడం అంటే చూపించకపోవడం కాదు. చూపించి, పట్టించుకోనివ్వకపోవడం.

ఒక ఉదాహరణ చెబుతాను. గుంటూరులో ఎండాకాలం. ఒంటరిగా ఉండే పెద్దావిడ వంటింట్లో చనిపోయి ఉంది. కొడుకు అంటాడు, "పొద్దున ఏడింటికి నేను బస్సుకు బయల్దేరేటప్పుడు అమ్మ గ్రైండర్లో ఇడ్లీ పిండి వేస్తోంది." ఎనిమిదిన్నరకు పక్కింటావిడ చూసి కేకలు పెట్టింది. ఇప్పుడు మీరు ఆ వంటిల్లు వర్ణించాలి. గట్టు మీద తరిగిన బెండకాయలు. మూత తీసి ఉన్న కాఫీ పొడి సీసా. గిన్నె అంచు దాటి గట్టు మీదికి కారిన పిండి. తక్కువ సౌండులో మోగుతున్న రేడియో. ఆవిడ చేతికి గాజులు లేవు.

పాఠకుడు గాజుల దగ్గర ఆగుతాడు. ఎవరో దొంగ అనుకుంటాడు. మీరు అతన్ని ఆ దారిలో ఇరవై పేజీలు తిప్పండి, ఆ గాజులు తాకట్టు షాపులో ఉన్నాయని, ఆవిడే నెల కిందట పెట్టిందని తేల్చండి. అప్పుడు మీ డిటెక్టివ్, వాళ్లమ్మగారి ఇంట్లో ఒక రాత్రి పడుకున్న డిటెక్టివ్, పొద్దున లేచి వంటింట్లోకి వెళ్లి, పొంగిన పిండి చూసి ఆగిపోతాడు. ఎంత గుంటూరు ఎండైనా గంటన్నరలో పిండి పొంగి కారదు. అది రాత్రే రుబ్బింది. అంటే పొద్దున ఏడింటికి గ్రైండర్ తిరగలేదు. కొడుకు చెప్పింది అబద్ధం.

ఈ క్లూ జాబితాలో మూడోది. మొదటిది, చివరిది మనసులో నిలుస్తాయి, మధ్యలోది జారిపోతుంది. అందుకే మధ్యలో పెట్టాను. ఇంకొకటి గమనించండి. ఇది కనిపెట్టడానికి ల్యాబు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు, రోజూ ఇడ్లీ వేసే ప్రతి మనిషికీ తెలిసిన సంగతే. పాఠకురాలు "అయ్యో, నాకు తెలియాల్సింది" అని తలకొట్టుకోవాలి. విదేశీ విషాల పేర్లు తెచ్చి పెడితే ఆ బాధ ఆమెకు కలగదు. క్రిస్టీకి విషాలు ఎందుకు వచ్చాయంటే, మొదటి ప్రపంచయుద్ధంలో ఆవిడ తన ఊరి ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. ఆ సీసాలు ఆమె చేత్తో పట్టుకున్నవి. మీరు టీచరు. అటెండెన్సు రిజిస్టరు, సుద్దముక్కలు, మధ్యాహ్న భోజనం లెక్కలు మీ చేతిలో ఉన్నాయి. అక్కడ వెతకండి.

ప్రశ్న: మనవరాలు రాత్రీపగలూ హత్యల కథలే చదువుతోంది. మనసు పాడవదా? — రిటైర్డ్ ఉద్యోగి, అనంతపురం

రక్తం చూపించి సంతోషపెట్టే వీడియోలు అయితే నేనూ వద్దంటాను. పుస్తకాలయితే ఒక సంగతి వినండి. 1977లో ఖతర్ నుంచి ఏడాదిన్నర పాపను లండన్ ఆసుపత్రికి తెచ్చారు. డాక్టర్లకు జబ్బేమిటో అంతుపట్టలేదు. పాపను చూసుకునే నర్సు అప్పుడు క్రిస్టీ నవల 'ది పేల్ హార్స్' చదువుతోంది. అందులో థాలియం విషం ఎక్కినవాళ్లకు జుట్టు రాలడం లాంటి లక్షణాలుంటాయి. పాపలోనూ అవే కనిపిస్తున్నాయని డాక్టర్లకు చెప్పింది. పరీక్ష చేస్తే థాలియమే. పాప బతికింది. మనవరాలు ఏం చదువుతోందో మీరూ ఒకటి తీసుకుని చదవండి బాబాయిగారూ. హంతకుడెవరో ఆమెకంటే ముందు చెప్పండి చూద్దాం.

ప్రశ్న: మీ పేజీ ప్రతినెలా మా వారు చదువుతారు, నేను తిప్పేస్తాను. పదకొండేళ్ల కిందట మా తమ్ముణ్ణి చంపేశారు. కేసు కొట్టేశారు. ఇంట్లో అందరూ ఈ సిరీస్‌లు చూస్తుంటే నేను లేచి వెళ్లిపోతాను. అది చాదస్తమా? — పేరు, ఊరు వద్దు

కాదమ్మా. లేచి వెళ్లిపోండి. వెళ్లిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కారణం చెప్పాల్సిన పనీ లేదు. మీ వారు ఈ పేజీ చదువుతారన్నారు కాబట్టి ఆయనకు ఇక్కడే చెబుతున్నాను. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు హాల్లో పెద్ద టీవీలో అవి పెట్టకండి. ఫోనులో, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసుకోవచ్చు.

నేను ఇన్నేళ్లు ఈ కథలను ప్రేమించిన మనిషిని, మీకు ఒక విషయం దాచకుండా చెప్పాలి. కోర్టులో చేరిన కొత్తలో, ఒక హత్య కేసులో చనిపోయిన అబ్బాయి తల్లి పి.డబ్ల్యూ. 1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. ఆమె చెబుతోంది, నేను రాసుకుంటున్నాను. కొడుకు ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నాడని అడిగారు. "నేను ఇస్త్రీ చేసిచ్చిన నీలం చొక్కా" అని ఆమె ఆగిపోయింది. చాలాసేపు ఏడ్చింది. నా పెన్సిల్ కాగితం మీద ఆగిపోయింది. మాటకు షార్ట్‌హ్యాండ్‌లో గుర్తు ఉంది, ఏడుపుకు లేదు. కాసేపటికి జడ్జిగారు నెమ్మదిగా, "సాక్షి ఏడ్చినట్టు రాయండి" అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్లి నవల తెరిస్తే రెండో పేజీలో శవం. డిటెక్టివ్ అప్పుడే చురుట్టు వెలిగించి అనుమానితుల దగ్గరికి వెళ్లిపోతున్నాడు. చనిపోయిన మనిషికి ఇస్త్రీ చేసిచ్చినవాళ్లు ఎవరూ ఆ పుస్తకంలో లేరు. ఎనిమిది నెలలు నేను ఏదీ చదవలేదు.

తర్వాత మళ్లీ మొదలుపెట్టాను గానీ, అప్పటినుంచి ప్రతి పుస్తకంలో ముందు అది వెతుకుతాను. చనిపోయిన మనిషి గురించి రచయిత ఒక పేజీ అయినా ఆగాడా, ఆ ఇంట్లో మర్నాడు పొయ్యి వెలిగిందా లేదా చెప్పాడా అని. చెప్పినవి తక్కువ. ఉన్నాయి. కేసు తేలడం కూడా నాకు అప్పటినుంచే ముఖ్యమైంది. మీకు కోర్టు ఇవ్వనిది ఏ నవలా ఇవ్వలేదు, ఇస్తుందని నేను అనను.

మీరు చదవాల్సిన పుస్తకం ఏదీ నేను సూచించను. మీ తమ్ముడి గురించి మాత్రం నాకు రాయండి. కేసు గురించి కాదు. అతను ఏం తినేవాడు, ఏ పాట పాడేవాడు, మిమ్మల్ని ఏమని పిలిచేవాడు. ఈ పేజీలో వేయడానికి కాదు. పత్రిక చిరునామాకు పంపితే కవరు విప్పకుండా నాకు అందజేస్తారు.